ఆ బ్రష్ గురించి, ఆగిపోయిన మీ ఆర్డర్ గురించి

మా షూ క్లీనింగ్ కిట్‌కి డబ్బు కట్టి రెండు వారాలుగా ఎదురుచూస్తున్న 65 మందికి ముందుగా ఈ మాట. మీ పార్శిల్ కొరియర్ వాళ్ల దగ్గర ఆగలేదు. నేనే ఆపాను. మీకు రావాల్సిన బ్రష్‌లు తీసి, నాకు ఒక్క రూపాయి కట్టని వాళ్లకు పంపించాను. "స్టాక్ ఆలస్యం" అని ఒక మెసేజ్ పెట్టి ఊరుకుంటే సరిపోయేది. కానీ మీలో చాలామంది మొదటి సీసా నుంచి నాతో ఉన్నవాళ్లు. మీకు ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

హైదరాబాద్‌లో స్నీకర్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్లు కొందరు నెలకోసారి ఆదివారం పొద్దున్నే కలుస్తుంటారు. ఉప్పల్‌లో రెండు గదులు అద్దెకు తీసుకుని నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు, నా లిక్విడ్‌ని సొంత బూట్ల మీద వేసుకుని చూసింది వాళ్లే. "అన్నా, ఆరాక తెల్లగా చారలు పడుతున్నాయి" అని చెప్పిందీ వాళ్లే. వాళ్ల మాట విని మూడుసార్లు ఫార్ములా మార్చాను. అందుకు ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఈ ఏడాది మాకు ఐదేళ్లు నిండాయి కాబట్టి వాళ్లకు 250 కిట్లు ఉచితంగా ఇస్తానని మాటిచ్చాను. మీరు 549 రూపాయలకు కొనే కిట్టే అది. 120 మిల్లీలీటర్ల లిక్విడ్, బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డ. రీల్ చేయమని అడగలేదు, ట్యాగ్ చేయమని అడగలేదు, కొరియర్ ఖర్చు కూడా నాదే.

లష్కర్ బోనాల వారంలో 168 కిట్లు పంపాం. నాలుగో రోజు నా ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది.

నైకీ వాళ్ల జోర్డాన్ 4 స్నీకర్లలో "బ్లాక్ క్యాట్" అని ఒకటుంది. పైనుంచి కిందిదాకా నలుపే, ఎక్కువ భాగం నూబక్. తోలు పైపొరను సన్నగా గీరి, చేత్తో తాకితే మెత్తటి నూగులా తగిలేట్టు చేస్తే అది నూబక్. స్వేడ్ తోలు లోపలి వైపుది, దాని నూగు ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది. రెండింటి అందమూ ఆ నూగులోనే ఉంది. ఫోటోలో ఉన్న ఆ బూటుకి బొటనవేలి పైభాగాన ఆ నూగు లేదు. గీతలు గీతలుగా నున్నగా మెరుస్తోంది. ఫోటో పంపిన అబ్బాయి బీటెక్ ఆఖరి సంవత్సరం. ఇంటర్న్‌షిప్ డబ్బు దాచుకుని కొన్న జత అది. కింద ఇలా రాశాడు: "అన్నా, నేనే గట్టిగా రుద్దానేమో. ఫ్రీగా ఇచ్చావ్, నిన్నేం అనట్లేదు. ఊరికే చెప్దామని."

తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

ఆ రాత్రే గోడౌన్‌కి వెళ్లి, పంపకుండా మిగిలిన 82 కిట్లలోంచి ఒక బ్రష్ తీశాను. మా బ్రష్‌లో ఉండాల్సింది గుర్రపు వెంట్రుక. దానికి అగ్గిపుల్ల చూపిస్తే మన జుట్టు కాలినట్టే కమురు కంపు వస్తుంది, కాలిన చోట వేలితో నలిపితే బూడిదైపోతుంది. ఇది అలా కాలలేదు. కరిగింది. కరిగి, చివర గట్టి పూసలా ముద్దకట్టింది. గోధుమరంగు వేసిన నైలాన్. పది బ్రష్‌లు తీసి చూశాను, పదీ అంతే.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. ప్రతి లాట్‌లో పది బ్రష్‌లు తీసి ఇలా కాల్చి చూడటం నా అలవాటు. ఐదేళ్లలో ఒక్కసారి కూడా మానలేదు. ఈ లాట్‌కి మానేశాను. బస్తా దిగిన రోజే ప్యాకింగ్‌కి మనుషులు వచ్చి కూర్చున్నారు, బోనాల సెలవుకు ముందే పంపేయాలని నాకు తొందర. ఐదేళ్లుగా సరుకు ఇస్తున్న మనిషే కదా అనుకున్నాను.

ఆయన ఢిల్లీ వ్యాపారి. పేరు రాయను. పొద్దున్నే ఫోన్ చేశాను. మొదట లాట్ మారిపోయి ఉంటుందన్నారు. కాల్చిన వీడియో పంపాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అన్న మాట నేను ఇప్పటికీ మింగలేకపోతున్నాను: "మీరే కదా సార్, ఉచితంగా పంచడానికి అని బిల్లు మీద రాయమన్నారు. పంచే సరుక్కి ఇంత పట్టింపు ఎందుకు?"

రాయమన్నది నిజమే. ఉచితంగా ఇచ్చే సరుకు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే ఆ పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోలేం. అందుకని ఆ 250 బ్రష్‌లకు విడిగా బిల్లు తీసుకోమని మా ఆడిటర్ చెప్పారు. నేను సంతోషం పట్టలేక ఫోన్‌లో ఆ వ్యాపారికి సంగతంతా చెప్పాను కూడా. ఐదేళ్లయిందని, కుర్రాళ్లకు కానుకగా ఇస్తున్నానని. ఆ మాటనే ఆయన సందుగా తీసుకున్నారు. ధర మాత్రం తగ్గించలేదు. ఎప్పటిలాగే బ్రష్‌కి 62 రూపాయలు, మొత్తం 15,500. వెంట్రుక రేటు పెరిగింది, పాత ధరకే ఇవ్వాలని ఇలా సర్దానన్నారు. పెరిగిందని నాతో ఒక్క మాట అంటే పెంచి ఇచ్చేవాణ్ని కదా!

సగం డబ్బు వెనక్కి ఇస్తాను, సరుకు ఉంచుకోండి అన్నారు. నేను ఒప్పుకోలేదు. పంచకుండా మిగిలిన 82 బ్రష్‌లు లారీలో తిరిగి పంపేశాను. డబ్బు వస్తుందో రాదో చూడాలి. ఇంతవరకు ఆయన నోటివెంట తప్పైందన్న మాట రాలేదు. ఆ మాట వచ్చినా ఇక ఆయన దగ్గర కొనను. ఈ విషయంలో నన్ను మార్చాలని చూడకండి, ఇప్పటికే ఇద్దరు స్నేహితులు ప్రయత్నించారు.

మా నానమ్మ జనగామ అంగట్లో కూరగాయలు అమ్మేది. సెలవుల్లో గంప దగ్గర నన్ను కూర్చోబెట్టుకునేది. తూకం అయ్యాక కొసరు వేసేటప్పుడు నేను ఒకసారి మెత్తబడిన వంకాయ తీసి వేశాను, ఎలాగూ అమ్ముడుపోదని. నానమ్మ ఆ వంకాయ వాళ్ల సంచిలోంచి తీసి పక్కన పడేసి, కుప్పలోంచి మంచివి రెండు వేసింది. నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత వారం మాత్రం నన్ను తూకం దగ్గరికి రానివ్వలేదు. ఇప్పుడు 168 ఇళ్లకు నా చేత్తోనే మెత్తబడిన వంకాయ వెళ్లింది. ఆ వ్యాపారి మీద కోపం ఎంతున్నా, డబ్బా మీద ఉన్నది నా పేరు.

ఇక నన్ను రెండు రాత్రులు నిద్ర పోనివ్వని విషయం. పాత లాట్‌లో మిగిలిన మంచి బ్రష్‌లు 96 ఉన్నాయి. డబ్బు కట్టిన ఆర్డర్లు 71 ఉన్నాయి. ఆ 96లోంచి మీ 71 తీసేస్తే ఏ గొడవా లేదు. లెక్కలు చూసేది మా ఆవిడ. "డబ్బు కట్టినవాళ్లను ఆపి, కట్టనివాళ్లకు పంపుతారా? ఎవరిని అడిగినా తప్పే అంటారు" అంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. మీరు నమ్మి ముందుగా డబ్బు కట్టారు. ఆ డబ్బుతోనే నేను లిక్విడ్ కొంటాను, సీసాలు కొంటాను, అద్దె కడతాను. మీ వంతు వెనక్కి నెట్టే హక్కు నాకెక్కడిది అని నాకే అనిపించింది.

కానీ ఇంకోవైపు చూడండి. మీ చేతిలో ఇంకా ఏమీ లేదు. ఆలస్యమవుతుంది, కోపం వస్తుంది, అంతే. వాళ్ల చేతిలో మాత్రం బూట్లు పాడుచేసే వస్తువు ఉంది. బయట వాన, బురద. ఈ నెలలో కడిగినన్నిసార్లు ఏడాదంతా ఎవరూ కడగరు. ఆ బ్రష్ స్వేడ్ మీద వాడొద్దని ఆ రాత్రే అందరికీ మెసేజ్ పెట్టాను. మూడు రోజులైనా 31 మంది అది తెరిచి చూడలేదు. వాళ్లలో ఎవరో ఒకరు బకెట్ పక్కన కూర్చుని ఆ బ్రష్ అందుకుంటారన్న ఆలోచన వస్తే నాకు కుదురు ఉండేది కాదు.

మూడో రోజు పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మీ దగ్గర స్వేడ్ ఉందా, నూబక్ ఉందా, పైభాగం దారంతో అల్లిన బూట్లు ఉన్నాయా అని అడిగాను. అల్లిక సంగతి ఎందుకంటే, 2012లో నైకీ ఫ్లైనిట్, అడిడాస్ ప్రైమ్‌నిట్ వచ్చాక ఆ రకం బాగా పెరిగింది. గట్టి పోగు తగిలితే దాని దారం పైకి లేస్తుంది. 90 మంది ఉన్నాయన్నారు. ఆ 90 మందికి 90 మంచి బ్రష్‌లు అదే రోజు పంపాను. మిగిలిన ఆరు, మీలో అందరికంటే ముందు డబ్బు కట్టిన ఆరుగురికి వెళ్లాయి. అలా 65 మంది ఆగిపోయారు. మళ్లీ అలాంటి పరిస్థితే వచ్చినా నేను ఇదే చేస్తాను. అది తప్పని మీకు అనిపిస్తే, మీ డబ్బు అడిగిన రోజే వెనక్కి వేస్తాను, కారణం అడగను.

మీలో ఇప్పటికే మా కిట్ వాడుతున్నవాళ్లు టెన్షన్ పడొద్దు. డబ్బు కట్టిన ఏ ఆర్డర్‌లోనూ ఆ నైలాన్ బ్రష్ వెళ్లలేదు. అవి విడిగా వచ్చిన బస్తాలోవి. లిక్విడ్‌లో ఏ తేడా లేదు. అనుమానం ఉంటే ఒక పోగు పీకి, బయట నిలబడి, అగ్గిపుల్లతో కాల్చి చూడండి. కమురు వాసన రావాలి.

ఉచిత కిట్ అందుకున్నవాళ్లు ఆ బ్రష్ నాకు తిరిగి పంపనక్కర్లేదు. రబ్బరు సోల్‌కి, అడుగున ఇరుక్కున్న మట్టికి అది బాగానే పనిచేస్తుంది. స్వేడ్, నూబక్, అల్లిక మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. ఇప్పటికే నూగు దెబ్బతిని ఉంటే, తడి పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిల్ రబ్బరుతో ఒకే వైపు మెల్లగా రుద్దండి. అణిగిపోయిన నూగు లేస్తుంది. తెగిపోయిన నూగు మళ్లీ రాదు. అలాంటిది ఉంటే బూట్లు నా దగ్గరికి తీసుకురండి, దాచుకోవద్దు, మొహమాటపడొద్దు.

ఆ బీటెక్ అబ్బాయి తెచ్చాడు. రెండు సాయంత్రాలు కూర్చుని, స్వేడ్, నూబక్ శుభ్రం చేసే క్రేప్ రబ్బరుతో, కొద్దిపాటి ఆవిరితో పని చేశాను. చాలావరకు తేరుకుంది. బొటనవేలి దగ్గర రెండు గీతలు పోలేదు, పోవు కూడా. జత ఖరీదు పంపిస్తే తిరిగి నాకే వేసేశాడు. మళ్లీ పంపాను, మళ్లీ వేసేశాడు. తీసుకునేదాకా పంపుతూనే ఉంటాను. ఫ్రీగా ఇచ్చావు కదా అని అతను మంచి మనసుతో అన్నాడు. ఆ ఢిల్లీ ఆయనా అదే మాట అన్నారు. ఎవరు ఏ ఉద్దేశంతో అన్నా, ఆ మాట కింద నేను నిలబడలేను.

ఉచిత కిట్లు ఆపేయమని, కనీసం కొరియర్‌కి 99 రూపాయలు తీసుకోమని సలహాలు వస్తున్నాయి. ఆపను. తీసుకోను. 250 అన్నాను, 250 వెళ్తాయి. కిట్ ధర 549 దగ్గరే ఉంటుంది, ఈ నష్టం ఒక్క రూపాయి కూడా మీ మీద పడదు.

కొత్త బ్రష్‌ల కోసం నేనే బయలుదేరి ఉత్తరప్రదేశ్ వెళ్లాను. బిజ్నోర్ జిల్లాలో షేర్‌కోట్ అనే ఊరు బ్రష్‌ల తయారీకి పేరున్నది. ఎక్కువగా పెయింట్ బ్రష్‌లే చేస్తారు. వీధి వీధీ తిరిగితే, వెంట్రుకను చేత్తో ఏరి, పొడవు సరిచూసి, చెక్కలో కుట్టే ఒక చిన్న కార్ఖానా దొరికింది. నా ఎదురుగా కుట్టించుకుని ఒకటి తెచ్చుకున్నాను, ఇది రాస్తుంటే నా పక్కనే ఉంది. బ్రష్‌కి 78 రూపాయలు. 400 చెప్పి వచ్చాను. బిల్లు మీద ఈసారి ఉచితం అన్న మాట లేదు. ఏది ఎవరికి వెళ్తుందో నా పుస్తకంలో నేనే రాసుకుంటాను, ఆడిటర్‌కి ఆ లెక్క నేనే చూపిస్తాను.

సరుకు ఆగస్టు 11న దిగుతుంది. ఈసారి పది కాదు, పాతిక కాల్చి చూస్తాను. ఆ తర్వాత ముందు మీ 65, తర్వాత నైలాన్ బ్రష్ ఉన్న మిగతా 78 మందికి మంచివి, ఆఖరున ఇంకా ఏమీ అందని 82 మందికి కిట్లు. మీ పేర్లు డబ్బు కట్టిన తేదీ వరుసలో రాసి ప్యాకింగ్ బల్ల ఎదురుగా గోడకు అంటించాను. మొదటిది హన్మకొండ, రెండోది గాజువాక, మూడోది డల్లాస్‌లో ఉన్న కొడుకు కోసం నల్లగొండ నుంచి ఒక అమ్మ చేసిన ఆర్డర్. ఇంటికొచ్చిన ఆ కొడుకు ఆగస్టు 20న తిరిగి వెళ్తున్నారట. ఆ పార్శిల్ నేనే తీసుకెళ్లి ఇచ్చి వస్తాను.