ఇంటి డీబీలో ఒక్క ఖాళీ అయినా ఉంచరా?

సంపాదకుడు గారికి నమస్కారం.

విజయవాడలో 30 ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పనులు చేయిస్తున్నాను. ఎండలు ముదిరాయంటే నాకు వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకటే: "కొత్త ఏసీ పెట్టించాం. రాత్రిపూట ఎంసీబీ పడిపోతోంది, ఒకసారి వచ్చి చూడండి." ఎంసీబీ అంటే కరెంటు పరిమితి దాటితే దానంతటదే ఆగిపోయే స్విచ్చు. పోయిన మే నెలలో ఒక రిటైర్డ్ టీచర్ గారి ఫ్లాటుకు అలాగే వెళ్లాను. కట్టి ఆరేళ్లు కూడా కాని అపార్ట్‌మెంటు అది. డీబీ (ఇంట్లోకి వచ్చే కరెంటును ఎంసీబీల ద్వారా పంచే గోడ పెట్టె) మూత తీయగానే గుప్పున కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది.

అది 8 వే డీబీ, అంటే ఎనిమిది ఎంసీబీలకు చోటున్నది. ఎనిమిదీ నిండిపోయి ఉన్నాయి. రెండో ఏసీ బిగించడానికి వచ్చిన కుర్రాడికి చోటు దొరక్క, మొదటి ఏసీ ఎంసీబీ కిందే రెండో వైరు కూడా దూర్చి స్క్రూ బిగించాడు. రెండు ఏసీలూ ఒకేసారి నడిస్తే 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని, తర్వాత ఇంకెవరో వచ్చి దాన్ని తీసేసి 32 ఆంపియర్లది పెట్టి వెళ్లారు. ఎంసీబీ ఉన్నది ఏసీని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరును కాపాడటానికి. లోపల ఉన్నది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, దానికి 32 ఆంపియర్లు చాలా ఎక్కువ. పైగా ఒకే స్క్రూ కింద రెండు వైర్లు పెడితే, రెండింట్లో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది. ఆ వేడిని ఎంసీబీ పసిగట్టలేదు. టీచర్ గారి ఇంట్లో వైరు తొడుగు రెండు అంగుళాల మేర నల్లగా కమిలిపోయింది. ఆ గోడకు అవతలే మనవరాలి మంచం.

నేను ఆ కుర్రాడిని ఎక్కువ తప్పు పట్టలేను. అదనపు ఎంసీబీ పెట్టుకోవడానికి ఒక్క ఖాళీ ఉంటే అతను అందులోనే పెట్టేవాడు. ఖాళీ ఉంచాల్సింది ఇల్లు కట్టినప్పుడు.

ఖాళీ ఉంచాలన్న మాట నేను కొత్తగా చెబుతున్నది కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించే నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఉంది: ప్రతి బ్రాంచి డిస్ట్రిబ్యూషన్ బోర్డులో (అంటే మన డీబీలో), మిగతా సర్క్యూట్లంత సామర్థ్యం ఉన్న స్పేర్ (వాడకుండా ఉంచే అదనపు) సర్క్యూట్ కనీసం ఒకటి ఉండాలి. కానీ ఆ కోడ్ దానంతటదే చట్టం కాదు. రాష్ట్రాలు తమ భవన నిబంధనల్లో చేర్చుకున్నంత వరకే దానికి బలం. ఇల్లు పూర్తయ్యాక సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా) కొలుస్తారు, పార్కింగ్ చూస్తారు. డీబీ మూత తీసి లోపల ఖాళీ ఉందా అని చూసిన అధికారిని ఇన్నేళ్లలో నేను ఒక్కరినీ చూడలేదు.

అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ కూడా ప్యానెల్‌లో (అక్కడి డీబీలో) భవిష్యత్తుకు చోటు ఉంచుకోవడం మంచిదని సలహా ఇస్తుందే తప్ప తప్పనిసరి చేయదు. అయితే కాలిఫోర్నియా రాష్ట్రం ఊరుకోలేదు. 2023 జనవరి 1 నుంచి, గ్యాస్ స్టవ్‌తో కట్టే కొత్త ఇళ్లలో కూడా రేపు కరెంటు స్టవ్ పెట్టుకోవడానికి ప్యానెల్‌లో డబుల్ పోల్ బ్రేకర్‌కు (రెండు వైర్లనూ ఒకేసారి ఆపే పెద్ద ఎంసీబీకి) చోటు కేటాయించి ఉంచాలని తన ఇంధన కోడ్‌లో రాసుకుంది. మన దగ్గరా అవసరం ముంచుకొస్తోంది. ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్ కోసం పార్కింగ్‌లో 20 శాతం సిద్ధంగా ఉండాలని కేంద్రం 2019లోనే నమూనా భవన నిబంధనలను సవరించింది. పార్కింగ్ గురించి ఆలోచించాం, ఇంట్లో గోడకున్న పెట్టెను మరిచిపోయాం. ఇండక్షన్ స్టవ్, రెండో ఏసీ, మూడో ఏసీ అన్నీ ఆ పెట్టెలోంచే రావాలి.

కట్టేటప్పుడు 8 వే బదులు 12 వే పెడితే ఖర్చులో తేడా కొన్ని వందల రూపాయలు. తర్వాత మార్చాలంటే గోడ పగలగొట్టాలి, పాత వైర్లు పొడవు చాలక అతుకులు వేయాలి, మళ్లీ ప్లాస్టరింగ్, మళ్లీ రంగు. టీచర్ గారు పడిన అవస్థ కళ్లారా చూశాను.

ఖాళీ ఉంది కదా అని ఇష్టమొచ్చినట్టు లోడు పెంచుకోమని మాత్రం నా ఉద్దేశం కాదు. మీటరు నుంచి వచ్చే మెయిన్ వైరు తట్టుకోవాలి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర శాంక్షన్డ్ లోడు (ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) కూడా పెంచుకోవాలి. వాడని ఖాళీకి బ్లాంక్ ప్లేటు తప్పకుండా బిగించాలి. లేకపోతే బల్లులు దూరి షార్ట్ అవుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. కోడ్‌లోని ఆ ఒక్క వాక్యాన్ని రాష్ట్ర భవన నిబంధనల్లోకి తెచ్చి తప్పనిసరి చేయండి. ఫ్లాట్లకు ఒకటి చాలదు, కనీసం రెండు ఖాళీలు అడగండి. కొత్త కనెక్షన్ కోసం కాంట్రాక్టరు ఇచ్చే టెస్ట్ రిపోర్టులో "డీబీలో ఖాళీలు ఎన్ని" అన్న గడి ఒకటి చేర్చండి. ఆ రిపోర్టుపై సంతకం పెట్టేది నాలాంటి లైసెన్సు ఉన్నవాళ్లమే. అంకె రాయాల్సి వస్తే మూత తీసి చూడక తప్పదు.

- ఒక వైరింగ్ కాంట్రాక్టర్, విజయవాడ