పేడపురుగుల సర్వే: కొండెక్కే ముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. రేపు ఉచ్చులు పెట్టేవాళ్లు ముందుగా, ఉచ్చుగా నేలలో పాతే గ్లాసు అంచు సంగతి చూసుకోండి. అది నేలకి సమంగా ఉండాలి. కాస్త పైకి లేచినా పురుగు పక్కనుంచి తప్పుకుని పోతుంది. ఉచ్చుకీ ఉచ్చుకీ కనీసం 50 మీటర్ల దూరం ఉంచండి, లేదంటే ఒక ఎర వాసన రెండోదాని లెక్క చెడగొడుతుంది. ఎరగా పెట్టే పేడ కొండమీద అన్ని ఎత్తుల్లోనూ ఒకే రకం, ఒకే కొలత ఉండాలి. వాన పడకుండా పైన కప్పు మర్చిపోవద్దు.

ఉండలు దొర్లించేవి, పేడ కింద సొరంగం తవ్వేవి, పేడలోనే కాపురం పెట్టేవి అని మూడు గుంపులు చేస్తాం కదా, అది వాటి బతుకుతీరు మాత్రమే. జాతి తేల్చడం వేరే పని. ఆంథోఫేగస్ అనే పేడపురుగుల ప్రజాతి మగవాటిలో, ఒకే జాతిలోనే, పెద్ద కొమ్ములున్నవీ ఉంటాయి, కొమ్ము ఉందా లేదా అన్నట్టుండేవీ ఉంటాయి. వీటిని నేనొకసారి రెండు జాతులుగా రాసేశాను, తర్వాత పట్టికంతా దిద్దుకోవాల్సొచ్చింది! అనుమానం వస్తే మగపురుగు జననాంగాన్ని మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే.

చల్లటి కొండల్లో పైకి వెళ్లేకొద్దీ పేడపురుగుల్లో స్కారబేయినే అనే ఉపకుటుంబం తగ్గి, ఏఫోడియినే అనే మరో ఉపకుటుంబం పెరగడం మామూలే. ఈ ఏఫోడియినేలో చాలావరకు 5 మిల్లీమీటర్లకి అటూఇటూగా ఉండే బుల్లి పురుగులే. చెత్త అనుకుని పారబోయకండి.

డీఎన్‌ఏ పరీక్ష కోసం పక్కన పెట్టే పురుగుల్ని 95 శాతం ఆల్కహాల్‌లో వేయండి. తేదీ, ఎత్తు, ఉచ్చు నంబరు పెన్సిల్‌తోనే రాసి సీసా లోపల పెట్టండి. పెన్ను సిరా కరిగిపోతుంది.