వీధి చివరి ఇంటి గొడవ తీరింది, అందరికీ కృతజ్ఞతలు

డాలస్ శివారులో మా వీధి చివరి ఇంటి సంగతి మీలో చాలామందికి తెలిసిందే. అర్ధరాత్రి కార్లు వచ్చేవి, ఇంజన్ ఆపకుండానే ఏదో అందుకుని వెళ్లిపోయేవి. తెల్లారి చూస్తే లాన్‌లో సిరంజిలు. పోలీసులు కుర్రాళ్లను పట్టుకెళ్లినా వారం తిరక్కుండానే వేరేవాళ్లు దిగేవారు. ఓనరేమో ఇంకో రాష్ట్రంలో ఉంటూ అద్దె మాత్రం టంచనుగా తీసుకునేవాడు.

దారి చూపించింది మా ఊరి సిటీ అటార్నీ ఆఫీసు, అంటే నగరం తరఫు లాయర్ల ఆఫీసు. సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ అనే టెక్సాస్ రాష్ట్ర చట్టంలో 125వ అధ్యాయం ఉంది. మత్తుమందుల కోసం జనం అలవాటుగా వచ్చిపోయే ఇంటిని ఓనర్ తెలిసీ పట్టించుకోకపోతే, నగరం అతని మీదే సివిల్ కేసు వేయొచ్చు. గెలిస్తే ఆ ఇంటికి ఏడాదిపాటు తాళమే. "నాకేం తెలియదు" అని తప్పించుకోవడమూ కష్టం. అలాంటి పనులు అక్కడ తరచూ జరుగుతున్నాయని రుజువైతే, కాదని అతను చూపించుకోనంతవరకూ, తెలిసే ఊరుకున్నాడని కోర్టు అనుకుంటుంది. ఆ ఇంటికి చుట్టుపక్కల ఉన్న పేరు కూడా సాక్ష్యంగా పనికొస్తుంది.

అంటే ఇరుగుపొరుగు నోరు విప్పాలి. మనవాళ్లలో చాలామంది వీసాల మీద ఉన్నవాళ్లే. "మనకెందుకొచ్చిన గొడవ" అనుకోవడంలో వింతేమీ లేదు. అయినా టెన్షన్ పడుతూనే అఫిడవిట్ల మీద సంతకాలు పెట్టారు. మీ అందరికీ చేతులెత్తి దండం.

ఎదురింటి పెద్దాయన తేదీ, టైము, కారు రంగుతో సహా నోట్‌బుక్‌లో రాసిపెట్టారు. మా అత్తయ్యగారు సీరియళ్ల కన్నా ఆ ఇంటినే ఎక్కువ చూశారు! ఆవిడ తెలుగులో చెప్పిందంతా ఓపిగ్గా ఇంగ్లీషులో పెట్టిన తమ్ముడికీ, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ విని రాసుకున్న అటార్నీ ఆఫీసు ఉద్యోగినికీ ప్రత్యేకంగా థాంక్స్.

కేసు విచారణ దాకా వెళ్లలేదు. ఓనర్ లాయర్ ఒప్పందానికొచ్చాడు. అద్దెకున్నవాళ్లను ఖాళీ చేయించారు, బయట లైట్లు పెట్టించారు. ఇకమీదట వివరాలన్నీ చూసుకున్నాకే ఇల్లు అద్దెకివ్వాలి. మాట తప్పితే మళ్లీ జడ్జి ముందుకే.

మీ వీధిలోనూ ఇలాంటి బాధ ఉంటే మెసేజ్ పెట్టండి. అఫిడవిట్‌లో ఏమేం రాశామో, ఎవరిని కలిశామో చెబుతాను.