కాన్పుల గదికీ అల్ట్రాసౌండ్ కావాలి

కాన్పు నొప్పులు తెలియకుండా నడుములో ఇచ్చే ఎపిడ్యూరల్ సూదిని మన దగ్గర చాలాచోట్ల ఇంకా చేతి అంచనాతోనే గుచ్చుతున్నారు. పోయిన నెల నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా చెల్లెలికి తోడుగా ఉన్నాను. కాస్త లావు మనిషి, వెన్నుపూసలు చేతికి తగల్లేదు. మత్తు డాక్టరు ఓపిగ్గానే చేశారు, అయినా నాలుగోసారికి గానీ సూది సరిగ్గా పడలేదు. నొప్పులు వస్తుంటే కదలకుండా వంగి కూర్చోమంటే ఆ పిల్ల పడ్డ యాతన చూడలేకపోయాను. ముందుగా వీపు మీద అల్ట్రాసౌండ్ స్కాన్ చేస్తే పూసల మధ్య సందు ఎక్కడుందో, సూది ఎంత లోతుకు వెళ్లాలో తెర మీద తెలుస్తుంది. సూది హద్దు దాటి వెన్ను పొరకు చిల్లు పడితే బాలింతకు రోజుల తరబడి విపరీతమైన తలనొప్పి. బ్రిటన్‌లో చికిత్సా పద్ధతులపై సూచనలిచ్చే నైస్ సంస్థ 2008లోనే ఇలా స్కాన్ సాయంతో సూది వేసే పద్ధతిపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఇక్కడ మిషన్ లేక కాదు, కింది అంతస్తులోనే ఉంది. లింగనిర్ధారణను నిషేధించిన 1994 చట్టం కింద రిజిస్టరైన మిషన్‌ను గది మార్చాలంటే ఆసుపత్రులకు టెన్షన్. ఆడపిల్లలను కాపాడే ఆ చట్టాన్ని సడలించమని నేను అడగను. కాన్పుల గది కోసం విడిగా ఒక మిషన్ రిజిస్టర్ చేయించుకునే పద్ధతిని జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు స్పష్టంగా చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో కావలి, కందుకూరు, మార్కాపురం మత్తు వైద్యులకు ఈ స్కానింగ్‌లో శిక్షణ ఇప్పించాలి.

- ఒక పాఠకురాలు, కావలి