పాత సినిమా హాళ్ల చరిత్ర రాయాలంటే ముందు ఏ కాగితాలు వెతకాలి?

సంపాదకులకు నమస్కారం.

ఊళ్లో ఒక సినిమా హాలు మూతబడితే పత్రికల్లో నాలుగు రోజులు జ్ఞాపకాల వరద. ఏ బొమ్మ అక్కడ వంద రోజులాడింది, ఏ పండక్కి గేటు విరిగింది, నేల టిక్కెట్టు ఎంతుండేది అని రాస్తారు. చదవడానికి హాయిగా ఉంటుంది. ఆ హాలు ఏ ఏడు లేచింది, స్థలం ఎవరిది, ఎవరెవరు లీజుకు నడిపారు, మధ్యలో పేరెందుకు మారింది అని అడిగితే మాత్రం ఒక్కో వ్యాసం ఒక్కోలా చెబుతుంది. ఒకరు పొరపాటున వేసిన సంవత్సరాన్ని పదిమంది తిరగరాయడం, అదే చరిత్రగా స్థిరపడిపోవడం చూస్తూనే ఉన్నాం.

విజయవాడకు ఈ లోటు ఉండకూడదు. 1921లోనే పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా హాలు పెట్టిన ఊరిది. నవయుగ లాంటి పంపిణీ సంస్థలు గాంధీనగర్‌లో కూర్చుని ఆంధ్ర జిల్లాలకు ఫిల్ము పెట్టెలు పంపిన ఊరిది. ఆటో ఎక్కి అలంకార్ సెంటర్ అన్నా, విజయా టాకీస్ అన్నా ఇవాళ్టికీ దింపేస్తారు. మారుతీ గురించి అందరూ రెండు వాక్యాలే రాస్తారు. ఆ తర్వాత పేటపేటకూ లేచిన చిన్న హాళ్ల గురించి ఆ రెండు వాక్యాలు కూడా లేవు. ఈ పని చేయాలనుకునే కుర్రవాళ్లు, కాలేజీ విద్యార్థులు చాలామందే ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి కబుర్లు రికార్డు చేసుకొస్తున్నారు. కబుర్లు కావలసిందే, కానీ కాగితం చూశాక. అందుకే ఈ ఉత్తరం.

మొట్టమొదట ఒక మాట స్పష్టంగా పెట్టుకోవాలి. సినిమా హాలుకు యజమాని ఒక్కడే అనుకుంటే దారి తప్పినట్టే. స్థలం ఒకరిది, కట్టడం ఒకరిది, లైసెన్సు ఇంకొకరి పేర, మిషన్లు పెట్టి లీజుకు నడిపేవారు మరొకరు కావచ్చు. ఒక ఇంట్లో ‘హాలు మాదే’ అని, ఇంకో ఇంట్లో ‘మా తాతగారే నడిపారు’ అని చెబితే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. నోటు పుస్తకంలో ప్రతి హాలుకూ ఈ నాలుగు గడులు విడివిడిగా గీసుకుని, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఎవరో నింపుకుంటూ పోవాలి. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

ఇక కాగితాల్లో అన్నిటికన్నా బలమైనది లైసెన్సు ఫైలు. మన రాష్ట్రంలో హాళ్లకు 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970 నాటి నిబంధనలు వర్తిస్తాయి. టిక్కెట్ల గది దగ్గర అద్దాల ఫ్రేములో పెట్టే ‘బి ఫారం’ లైసెన్సు ఆ నిబంధనల కింద ఇచ్చిందే. అంతకుముందు కాలానిది 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం. ఫైల్లో బి ఫారంతోపాటు నిరభ్యంతర పత్రం, సీట్లు తరగతుల వారీగా గీసిన ప్లాను, కట్టడం గట్టిదనాన్ని గురించి ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం, విద్యుత్ తనిఖీ అధికారి నివేదిక, అగ్నిమాపక శాఖ పత్రం ఉంటాయి. పేరు మారినా, లీజుదారు మారినా, బాల్కనీ పెంచినా ఆ ఫైల్లోకి ఒక కాగితం చేరాల్సిందే. అందుకే ఒక్క ఫైలు దొరికితే ఆ హాలు జీవితమంతా వరసగా కనిపిస్తుంది.

ఆ ఫైలు ఎక్కడుంటుంది? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా విజయవాడ కృష్ణా జిల్లాలో ఉండేది, కలెక్టరేటు మచిలీపట్నంలో. కాబట్టి విజయవాడ కలెక్టరేటులో లేదన్నంత మాత్రాన లేనట్టు కాదు. మచిలీపట్నంలోనూ, విజయవాడ సబ్ కలెక్టరు కార్యాలయంలోనూ విడివిడిగా అడగాలి. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుం 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ‘ఫలానా హాలు చరిత్ర ఇవ్వండి’ అని రాస్తే తిప్పి పంపుతారు, ఎందుకంటే చరిత్ర రాసిపెట్టడం వాళ్ల పని కాదు. ‘ఫలానా హాలు లైసెన్సు ఫైలును స్వయంగా చూడడానికి అనుమతించండి, నేను గుర్తుపెట్టిన పుటల నకళ్లు ఇవ్వండి’ అని రాయాలి. ఫైలు నంబరు తెలియకపోతే సినిమా లైసెన్సుల రిజిస్టరు చూస్తామని ముందు దరఖాస్తు పెట్టాలి.

ఫైలు నంబరు పక్కన ఉండే పొట్టి అక్షరాలు గమనించండి. ‘ఆర్.డిస్.’ అంటే శాశ్వతంగా దాచవలసింది. ‘డి.డిస్.’ అయితే పదేళ్లు, ‘ఎల్.డిస్.’ అయితే ఏడాదే. ఆ గడువు దాటినవి తగలబెట్టినా తప్పు పట్టలేం. కాబట్టి శాశ్వత ఫైళ్ల కోసం పట్టుబట్టాలి, మిగతావాటి కోసం వేరే దారి చూసుకోవాలి.

ఆ వేరే దారి రిజిస్ట్రారు కార్యాలయం. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు కావలసిందే గనుక హాళ్ల లీజు దస్తావేజులు అక్కడ ఉంటాయి. కంప్యూటరు ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా, సాధారణంగా 1983 నుంచే వస్తుంది. దానికి ముందు కాలానికి చేత్తో వెతికించాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండో ఇండెక్సు ఆస్తి మీద. ఈ రెండూ రుసుం కట్టి ఎవరైనా చూడవచ్చు. హాలు పేరుతో వెతికితే దొరకదు, దస్తావేజులో హాలుకన్నా ముందు స్థలం వస్తుంది. టౌన్ సర్వే నంబరు, వార్డు, బ్లాకు పట్టుకుని వెళ్లాలి. డోరు నంబర్లు మారాయి కాబట్టి నగరపాలక సంస్థ ఇంటిపన్ను రిజిస్టర్లలో పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూసుకోవాలి.

ఇంకో ఉపాయం ఉంది, చాలామందికి తట్టదు. హాలు దస్తావేజు దొరక్కపోతే పక్కింటి దస్తావేజు చూడండి. చతుస్సీమల్లో, అంటే నాలుగు వైపుల హద్దుల్లో, ‘తూర్పు: ఫలానా టాకీసు ప్రహరీగోడ’ అని ఉంటుంది. ఆ ఇల్లు ఒక ఏడు అమ్ముడైనప్పుడు తూర్పున ఖాళీ స్థలం, తర్వాతి అమ్మకంలో టాకీసు గోడ ఉంటే, ఆ రెండు తేదీల మధ్యే హాలు లేచినట్టు. పక్కింటివాళ్లు అమ్మకపు కాగితాలు బీరువాలో భద్రంగా దాచుకుంటారు. మర్యాదగా అడిగితే చూపిస్తారు కూడా.

పత్రికా ప్రకటనల్లో దొరికే సమాచారం ఇంకా గొప్పది, కానీ మోసం ఎక్కువ. నగరం నుంచే దినపత్రికలు రావడం తర్వాతి మాట: విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో ఇక్కడ మొదలయ్యాయి. అంతకుముందు కాలానికి మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, బందరు కృష్ణాపత్రిక తిరగెయ్యాలి. ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత సంచికలున్నాయి. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికల సంపుటాలున్నాయి. నగరంలో రామమోహన గ్రంథాలయం ఉండనే ఉంది. పాత అచ్చును కంప్యూటరు సరిగా చదవలేదు, పేరు కొట్టి వెతికితే ఏమీ రాదు. పుట పుట తిప్పాల్సిందే. ముందు సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి వారాలు చూడండి. హాళ్ల జాబితాతో పెద్ద ప్రకటనలు వచ్చేది అప్పుడే, కొత్త హాలు ప్రారంభాలు పెట్టుకునేదీ అప్పుడే.

ప్రకటన చదివేటప్పుడు ఊరి పేరు తప్పకుండా రాసుకోవాలి. లీలామహల్, దుర్గ, లక్ష్మి, సరస్వతి పేర్లు ఊరూరా ఉన్నాయి. గుంటూరు హాలును బెజవాడ ఖాతాలో వేసిన వ్యాసాలు లేకపోలేదు. వంద రోజుల ప్రకటనలను అసలే నమ్మకూడదు. ఒక హాల్లో ఆరు వారాలాడి మరో హాలుకు షిఫ్టయిన బొమ్మకు రెండింటినీ కలిపి వంద రోజులు లెక్కకట్టేవారు. మూలన చిన్న అక్షరాల్లో ‘షిఫ్టుతో’ అని ఉంటుంది. అది చూడకుండా వంద రోజులూ చివరి హాలుకు కట్టబెడితే మొదటి హాలు చరిత్రలోంచే పోతుంది. పేటల్లోని చిన్న హాళ్లు అడుగున పడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

కరపత్రాల మీద తేదీ, వారం ఉంటాయి, సంవత్సరం ఉండదు. దాన్ని తేల్చే పద్ధతి చూడండి. కరపత్రం మీద ‘జనవరి 14 శుక్రవారం నుండి’ అని ఉందనుకుందాం. 1940 నుంచి 1980 దాకా జనవరి 14 శుక్రవారం వచ్చిన సంవత్సరాలు 1944, 1949, 1955, 1966, 1972, 1977. ఇప్పుడు రేట్లు చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది, ఎందుకంటే దశాంశ నాణేలు వచ్చింది అప్పుడే. అంటే మొదటి మూడిట్లో ఒకటి. ‘నయాపైసలు’ అని ఉంటే 1957కూ 1964కూ మధ్యది కావాలి, ఈ ఆరు సంవత్సరాల్లో ఒక్కటీ కుదరదు, కాబట్టి తేదీనో వారాన్నో తప్పుగా చదివారన్నమాట, మళ్లీ చూసుకోవాలి. వట్టి ‘పైసలు’ అయితే చివరి మూడిట్లో ఒకటి. ఆ తర్వాత బొమ్మ విడుదల సంవత్సరం చూస్తే చాలావరకు తేలిపోతుంది. పాత బొమ్మలు మళ్లీ మళ్లీ ఆడేవి గనుక బొమ్మ సంవత్సరం ఒక్కదాన్నే ఆధారం చేసుకుంటే తప్పు వస్తుంది. కాగితం మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిదే. అట్టడుగున ముద్రాపకుడి పేరు, ఊరు వేయాలని 1867 నాటి చట్టం చెప్పేది. ఆ ప్రెస్సు ఏ పేటలో ఉందో చూస్తే హాలు ఏ ఊరిదన్న సందేహమూ తీరుతుంది.

ఇక మా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా ముందు చిత్తు కాగితాల కొట్టుకు వెళ్తున్నది డీసీఆర్ పుస్తకం, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టు. ఆటకొక వరుస. తరగతి, రేటు, టిక్కెట్ల ప్రారంభ నంబరు, ముగింపు నంబరు, అమ్ముడైనవి, మొత్తం, వినోదపు పన్ను, మిగిలిన నికరం. కింద మేనేజరు సంతకం, పక్కన డిస్ట్రిబ్యూటరు పంపిన రెప్ (ప్రతినిధి) సంతకం. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ ఎప్పుడు మొదలై ఎప్పుడు పోయాయో దీన్ని మించి చెప్పేది లేదు. లెక్క చూసేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రారంభం 4301, ముగింపు 4586 అని ఉంటే కొన్ని హాళ్లలో 4586 ఆఖరున అమ్మిన టిక్కెట్టు, అప్పుడు 286 అమ్మినట్టు. కొన్నిచోట్ల అది తర్వాతి ఆటకు మొదటి టిక్కెట్టు, అప్పుడు 285. తర్వాతి ఆట ఏ నంబరుతో మొదలైందో చూస్తే ఏ పద్ధతో తెలుస్తుంది. అమ్మినవి లైసెన్సులోని సీట్లను మించితే ఆ రోజు అదనపు కుర్చీలు వేశారన్నమాట. అది ఆ బొమ్మ ఎంత ఆడిందో చెప్పే సాక్ష్యం. ఒక్క హెచ్చరిక: హాలు సామర్థ్యాన్ని బట్టి పన్ను ముందే ఖరారయ్యే స్లాబు పద్ధతి వచ్చాక పన్ను గడిని చూసి ప్రేక్షకుల సంఖ్య కట్టకూడదు. హాలు నిండినా, ఖాళీగా ఉన్నా కట్టేది ఒకటే.

కట్టడం గోదాముగానో కల్యాణమండపంగానో మారినా ప్రొజెక్టరు గదిని ఒకసారి చూడండి. ఒక్కో మిషనుకు గోడలో రెండు కన్నాలు: ఒకటి వెలుగుకు, ఒకటి ఆపరేటరు చూపుకు. కన్నాలకు ఇనుప రేకు మూతలు, గదికి బయటి నుంచే మెట్లు ఉంటే, ఇట్టే అంటుకునే నైట్రేట్ ఫిల్ము భయంతో కట్టిన పాత పద్ధతి అది. మిషన్లో వెలుగు కోసం కాల్చే కార్బన్ కడ్డీల పొగ పోయే గొట్టం కప్పులో మిగిలి ఉండవచ్చు. తెరకు రెండు పక్కలా కొత్త ఇటుక అతుకు కనిపిస్తే సినిమాస్కోపు వచ్చాక తెరను వెడల్పు చేశారేమో చూడాలి. మిషను మిగిలి ఉంటే దాని ఇత్తడి పలక మీది సీరియల్ నంబరు ఫొటో తీసుకోవాలి. అయితే మిషన్లు ఒక హాలు నుంచి ఇంకో హాలుకు అమ్ముడుపోయేవి, నంబరును బట్టి హాలు వయసు కట్టకండి.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని అప్పుడు ఆపరేటరు దగ్గరికో, బుకింగ్ గుమాస్తా దగ్గరికో వెళ్లాలి. ‘ఏ ఏడండీ?’ అని అడిగితే ఉజ్జాయింపు చెబుతారు. ‘మీరు చేరేటప్పటికి మిషన్లో కార్బన్ కడ్డీలా, జినాన్ దీపమా? నేల తరగతి ఉందా? లీజు ఎవరిది?’ అని అడిగితే పొల్లుపోకుండా చెబుతారు.

మీ పత్రికకు మా విన్నపం రెండు మాటల్లో. జ్ఞాపకాల వ్యాసం వేసినప్పుడు సంవత్సరం పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో ఒక ముక్క వేయించండి, తెలియకపోతే సంవత్సరమే వద్దు. మీ కార్యాలయంలోని పాత సంపుటాల్లో సినిమా ప్రకటనల పుటలు చూసుకోవడానికి వారానికి ఒక పూట పరిశోధకులకు అవకాశం ఇవ్వండి.

పాఠకుల్లో ఎవరి ఇంట్లోనైనా డీసీఆర్ పుస్తకాలు, టిక్కెట్టు కట్టలు, గోడపత్రికలు, బి ఫారాలు ఉంటే దయచేసి తూకానికి వేయకండి. లామినేషన్ చేయించవద్దు, సెల్లోటేపు అంటించవద్దు. జిగురు కొన్నేళ్లకు కాగితాన్నీ సిరానూ తినేస్తుంది. నీడపట్టున, పగటి వెలుతురులో పరిచి ముందూ వెనకా రెండు వైపులా ఫొటో తీయండి. పక్కన స్కేలు పెడితే కాగితం కొలత తెలుస్తుంది. పుస్తకమైతే అట్ట నుంచి అట్ట దాకా వరసగా తీయండి, ఖాళీ పుటలు కూడా వదలకండి, హాలు మూసిన రోజులు అక్కడే తెలుస్తాయి.

ఇట్లు,
స్థానిక చరిత్ర మీద పనిచేసే కొందరు పాఠకులు,
సత్యనారాయణపురం, విజయవాడ