మట్టి కార్డులో రెండు గడులు తక్కువ

సంపాదకులకు నమస్కారం.

మొక్కజొన్నకు కాల్షియం అందిస్తే తెగుళ్లూ రావు, చౌడునూ తట్టుకుంటుంది అని మీ వ్యవసాయ పేజీలో ఇటీవల రాశారు. అందులో సగం నిజం. మిగతా సగానికి పోయిన రబీలో నేను డబ్బు కట్టాను కాబట్టి ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. అమ్మ ఇచ్చిన రెండున్నర ఎకరాలు మాత్రం రేపల్లె దాటాక నిజాంపట్నం వైపు, కాలువ చివరన ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో మా పొలం గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు వెళ్లింది. కాలువ నీళ్లు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రావు. వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న పెడతాం. ఆపైన బోరే దిక్కు.

మార్చిలో గింజ గట్టిపడే వేళకు మొక్కలు అక్కడొకటి ఇక్కడొకటి వాలిపోయాయి. ఒకదాన్ని పీకి మొదట్లో బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయింది. కత్తితో నిలువునా చీల్చాను. బెండంతా కరిగిపోయి నార పోగులే మిగిలాయి. వాటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. మసి కుళ్లు. మట్టిలోనే కాచుకుని ఉండే శిలీంధ్రం అది. పూత తరువాత నీటి ఎద్దడి, ఎండ కలిస్తే విజృంభిస్తుంది. ఎరువుల కొట్టులో అడిగితే, "కాల్షియం లోపం మేడమ్, ఇది కొట్టించండి" అని రెండు సీసాలు చేతిలో పెట్టారు. కొట్టించాను. కాల్షియం వేళ్ల నుంచి నీటితో పాటు పైకి పోవడమే గానీ, ఆకు మీద పడినది కిందికి దిగి కాండం మొదలుకు చేరదని పిల్లలకు పాఠం చెప్పినదాన్నే! పైగా మొక్కజొన్నలో కాల్షియం నిజంగా తక్కువైతే లేత ఆకుల కొనలు ఒకదానికొకటి అతుక్కుని సుడి విచ్చుకోదు. నా చేలో అలాంటి మొక్క ఒక్కటీ లేదు.

మరి నిజమైన సగం ఏది? అది మన వంటింట్లోనే ఉంది. బ్రాడీపేట ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. చిటికెడు వంట సోడా వేస్తే మెత్తబడుతుంది. కణాలను అతికించి ఉంచే పెక్టిన్ అనే జిగురును గట్టి నీళ్లలోని కాల్షియం బిగిస్తుంది, సోడా ఆ బిగువును వదులు చేస్తుంది. కాండంలోనూ అదే జిగురు. కుళ్లు తెచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటికి మొదటి పని దాన్ని కరిగించడమే, కాల్షియంతో బిగిసిన జిగురు వాటికి అంత సులువుగా లొంగదు. చౌడు సంగతీ ఇంతే. వేరు కణాల పొర మీద ఉండాల్సిన కాల్షియం స్థానాన్ని సోడియం ఆక్రమిస్తే పొర పట్టు సడలి, లోపలి పొటాషియం బయటికి కారుతుంది, సోడియం లోపలికి చొరబడుతుంది. కాబట్టి కాల్షియం ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, సోడియంతో పోలిస్తే ఎంత అన్నది చూడాలి.

ఆ సంగతే మన భూసార కార్డు చెప్పదు. 2015లో మొదలైన ఈ కార్డులో పన్నెండు అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం), ఈసీ (నేలలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం. కాల్షియం లేదు, సోడియం లేదు. నా కార్డులో పీహెచ్ 8.7, ఈసీ 0.9, దాని పక్కన "సాధారణం" అని ఉంది. ఎవరికి సాధారణం? మట్టిని నీళ్లతో ముద్ద చేసి, ఆ ముద్ద నుంచి పిండిన నీటిలో కొలిచే ఈసీ 1.7 దాటితే మొక్కజొన్న దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో యూనిట్‌కు దాదాపు 12 శాతం పోతుంది. వరికి ఆ హద్దు 3, పత్తికి 7.7. కార్డు కోసం మట్టిలో రెండు రెండున్నర వంతుల నీళ్లు కలిపి కొలుస్తారు కాబట్టి ఉప్పు పలచబడి అంకె చిన్నదిగా కనిపిస్తుంది. పత్తి రైతుకు దిగులు లేని నేలలో మొక్కజొన్న రైతు మునిగిపోవచ్చు.

ఇంకొక చిత్రం చెప్పాలి. మా చేలో ఎక్కడ తవ్వినా సున్నపు గులకలు దొరుకుతాయి. అంటే కాల్షియం కాళ్ల కిందే ఉంది. కానీ అంత పీహెచ్‌లో సున్నం కరగదు, కరగనిది వేరుకు అందదు. అందుకే కారుచౌడుకు, అంటే సోడియం పట్టేసిన క్షార నేలకు, జిప్సం వేయమంటారు. అందులోనూ కాల్షియమే, కానీ కొద్దికొద్దిగానైనా కరిగి, మట్టిని పట్టుకున్న సోడియాన్ని విడదీస్తుంది. పచ్చిరొట్ట పైరు జీలుగను తొక్కిస్తే ఆ కుళ్లు నుంచి పుట్టే ఆమ్లాలు సున్నాన్నీ కొంత కదిలిస్తాయి. పాలచౌడైతే, అంటే ఉప్పు పేరుకోవడమే జబ్బైతే, జిప్సంతో పని లేదు, మంచి నీళ్లు పెట్టి ఉప్పును కిందికి దించాలి. ఏ చౌడో, ఎకరానికి ఎన్ని బస్తాలో తేలాలంటే సోడియం అంకె కావాలి. చౌడు నేలల మీద, ఉప్పు నీటి సాగు మీద పరిశోధించే కేంద్రం బాపట్లలోనే ఉంది, వ్యవసాయ విశ్వవిద్యాలయం గుంటూరు పక్కన లాంలో ఉంది. తీరప్రాంత మండలాల కార్డుల్లోనైనా ఈ రెండు గడులు చేర్చమని వ్యవసాయ శాఖను కోరుతున్నాను.

మే నెలలో జిప్సం వేయించాను, జూన్‌లో జీలుగ చల్లించాను. వాననీళ్లు కట్టి ఉప్పును కడుగుదామంటే, విడిపోయిన సోడియం చేను దాటి పోవాలి కదా. మా మురుగు కాలువ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గుర్రపుడెక్కతో నిండి ఉంది. కట్టిన నీళ్లు మూడో రోజుకు కూడా చేలోనే నిలిచి, కాచిన టీ డికాక్షన్ రంగులోకి తిరిగాయి. పూడిక తీయమని అర్జీ ఇచ్చి నాలుగు నెలలైంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్సు టీచరు,
బ్రాడీపేట, గుంటూరు