మెమొరీ కార్డు ఇచ్చిన ఆ పెద్దావిడకు

కిందటి నవంబరులో నాన్నగారిని టెక్సస్‌లో ఒక రినైసాన్స్ ఫెయిర్‌కి, అంటే కొన్ని వందల ఏళ్ల కిందటి యూరప్‌ను వేషాలతో, ఆటలతో మళ్లీ చూపించే తిరునాళ్లకి తీసుకెళ్లాను. 1963లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ తిరునాళ్ల గురించి ఆయన చదివారే గానీ ఎప్పుడూ చూడలేదు. గుంటూరులో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి. రెండు రోజుల్లో తిరుగు ప్రయాణం.

పాతకాలపు దుస్తుల్లో సైనికులు తుపాకుల డ్రిల్‌కు వరుస కట్టారు. సరిగ్గా అప్పుడే నా కెమెరాలో మెమొరీ కార్డు పాడైంది. తీసి పెట్టాను, తుడిచాను, లాభం లేదు. టెన్షన్‌తో చేతులు వణికాయి.

తాడు దగ్గర కెమెరాతో నిలబడిన ఒక పెద్దావిడ నన్ను చూశారు. ఏమీ అడక్కుండా తన సంచిలోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టారు. తను పక్కకు జరిగి నాన్నగారిని ముందు నిలబెట్టారు. "గొట్టం వైపు కాదు, పక్కనున్న మందు పళ్లెం చూడండి" అన్నారు. మ్యాచ్‌లాక్ తుపాకీలో రాజుకున్న వత్తి ముందు ఆ చిన్న పళ్లెంలోని మందును అంటిస్తుంది. ఆ మెరుపు తర్వాతే గొట్టం పేలుతుంది. ఆ రెప్పపాటులోనే షట్టర్ నొక్కాలి. ఆవిడ నా భుజం తట్టినప్పుడల్లా నొక్కాను.

చివరి ఫొటో నా కెమెరాతో ఆవిడే తీశారు. వెనక పొగ, పొడవాటి బల్లేల వరుస, ముందు చెవులు మూసుకుని చిన్నపిల్లాడిలా నవ్వుతున్న నాన్నగారు.

కార్డు తిరిగి ఇవ్వబోతే, "అందులో మీ నాన్నగారు ఉన్నారుగా" అని నా గుప్పిట మూసి జనంలో కలిసిపోయారు. పేరైనా అడగలేకపోయాను.

ఆ ఫొటో ఇప్పుడు గుంటూరులో మా హాల్లో గోడకు ఉందమ్మా. మీకు మా ఇంటిల్లిపాది నమస్కారాలు.